స్వీడన్‌కు మోసుకెళ్లిన చెరువు మన్ను

డాక్టరేటు పట్టా చేతికొచ్చిన పిల్లలు ఇప్పటికీ కడపలో మా ఇంటికి వస్తుంటారు. స్వీడన్ విశ్వవిద్యాలయాల్లో పరిశోధనకు ఎట్లా పోవాలి, ఎవరికి రాయాలి, ఏమని రాయాలి అని అడుగుతారు. పందొమ్మిది వందల యాభైల్లోనే నేను రెండుసార్లు పోయి వచ్చినవాణ్ణి కాబట్టి ఆ దారి గుట్టు ఏదో నా దగ్గర ఉందని వాళ్ల నమ్మకం. కాఫీ ఇచ్చి, తెలిసింది చెప్పి పంపిస్తాను. సగం మంది ముఖం చిన్నబుచ్చుకుని పోతారు. వాళ్లకు కావలసింది దరఖాస్తు సంగతి, నేను చెప్పేది మన్ను సంగతి.

నా వృత్తి పుప్పొడి లెక్కపెట్టడం. పూల నుంచి రాలిన పుప్పొడి గాలికి ఎగిరి చెరువుల్లో, మడుగుల్లో పడుతుంది. బురదతో కలిసి పొర మీద పొరగా ఏళ్ల తరబడి నిలిచిపోతుంది. ఆ బురదను పొరలవారీగా తీసి, ఆమ్లాలతో కడిగి, మైక్రోస్కోపు కింద పెడితే ఏ కాలంలో ఆ చుట్టుపక్కల ఏ చెట్లుండేవో, జనం ఏ పైర్లు వేసేవారో తెలుస్తుంది. వినడానికి గొప్పగానే ఉంటుంది. చెయ్యడానికి కూచుంటే మాత్రం రోజంతా మెడ వంచుకుని, ఇది గడ్డిదా చెట్టుదా అని గుండ్రటి గింజలను చూసుకోవడమే. విసుగు పుట్టిన రోజులు చాలా ఉన్నాయి. మానెయ్యాలనిపించిన రోజు ఒక్కటీ లేదు.

నాకొచ్చిన హోదాలు, నేను కూచున్న కమిటీలు ఎవరికీ పనికిరావు, వాటిని వదిలేస్తున్నాను. నేను చేసిన ఒక తప్పు గురించి, దాన్ని దిద్దిన ఇద్దరు మనుషుల గురించి రాస్తాను. వాళ్లిద్దరూ ఒకరినొకరు ఎన్నడూ చూసుకోలేదు.

ఉత్తరాలు

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. ఆఫీసులు డేరాల్లో నడిచేవి. అద్దెకు ఇల్లు దొరకడమంటే ఉద్యోగం దొరకడం కంటే కష్టం. నేను ఆ ఊళ్లో ఒక కాలేజీలో వృక్షశాస్త్రం పాఠాలు చెప్పేవాణ్ణి. డాక్టరేటు అప్పటికే మద్రాసులో అయిపోయింది. కాలేజీలో ఉన్న మంచి మైక్రోస్కోపు ఒక్కటే, అది మా శాఖాధిపతి వరదరాజులు గారి గదిలో బీరువాలో ఉండేది. తాళంచెవి ఆయన మొలతాడుకు ఉండేది.

పుప్పొడి విద్యలో స్వీడన్ వాళ్లది అందెవేసిన చెయ్యి. అక్కడి ఒక పాత విశ్వవిద్యాలయంలో పనిచేసే ప్రొఫెసరు రాసిన వ్యాసాలు మద్రాసు లైబ్రరీలో చదివి, చేత్తో ఎత్తి రాసుకుని తెచ్చుకున్నాను. ఆయనకు ఉత్తరం రాయాలని కూచుని, ముందు ఆరు పేజీలు రాశాను. నాకొచ్చిన మార్కులు, పతకాలు, ఆయన గొప్పతనం, నా ఆశయం అన్నీ అందులో ఉన్నాయి. మర్నాడు చదువుకుంటే నాకే సిగ్గేసి చించేశాను. రెండోసారి ఒక్క పేజీ రాశాను. మీ ఫలానా వ్యాసంలో మూడో పటం నాకు అర్థం కాలేదు, గడ్డిజాతి గింజల్లో సాగు పైరును అడవి గడ్డి నుంచి మీరెట్లా వేరు చేశారు అని అడిగాను. చివర రెండు వాక్యాల్లో నేనెవరో, ఏం చెయ్యాలనుకుంటున్నానో చెప్పాను.

ఐదారు వారాలకు జవాబు వచ్చింది. పటం సంగతి ఓపిగ్గా విడమరిచి, తనే ఒక ప్రశ్న వేశాడు. మీ ప్రాంతంలో నీళ్లు నిలిచే తావులేవి, వాటి అడుగు బురదను ఎవరైనా చూశారా అని. ఎవరూ చూడలేదని రాశాను. అయితే తీసుకుని రండి, ఒక ఏడాదికి ఫెలోషిప్ ఇప్పించగలను, పని బాగుంటే రెండో ఏడాదికి పొడిగించమని అడగవచ్చు, మీ శాఖాధిపతి దగ్గర ఒక సిఫారసు ఉత్తరం మాత్రం తీసుకుని పంపండి అన్నాడు. ఎండిపోయే చెరువుల్లో పుప్పొడి సరిగా నిలవదనీ, లోతున తడి ఆరని చోటే చూసుకొమ్మనీ ముందే హెచ్చరించాడు.

వరదరాజులు గారి దగ్గరకు పోయాను. ఆయన కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని నన్ను ఎగాదిగా చూశారు.

"ఏమప్పా, ఈడ తాగే నీళ్లకే కటకట. నువ్వు బురద మూట కట్టుకోని అంత దూరం పోతాండావా?" అన్నారు.

"పోతాను సార్. మీ ఉత్తరం కావాలి."

"రాస్తాలే. ఉండేది ఉన్నట్టు రాస్తా. తర్వాత నా మీద ఏడవాకు."

ఉన్నది ఉన్నట్టే రాశారు. కవరు అంటించకుండా ఇచ్చారు కాబట్టి చదివాను. "ఇతని చేతిపని శుభ్రంగా ఉంటుంది. కోపం ఎక్కువ. తనకు తెలుసనుకున్న విషయంలో ఎదుటివాడి మాట చివరిదాకా వినడు. మీరైనా నేర్పగలరేమో చూడండి." నాకు ఒళ్లు మండిపోయింది. వేరే ఎవరినైనా పట్టుకుని మంచి మాటలు రాయించుకుందామా అని రెండు రోజులు కొట్టుకున్నాను. చివరికి మొండిగా అదే పంపాను. ప్రొఫెసరు తర్వాత ఎప్పుడో చెప్పాడు, తనకొచ్చే ఉత్తరాల్లో అందరూ మేధావులే, ఒక మనిషి కనిపించిన ఉత్తరం అదొక్కటే అట. కాబట్టి పిల్లలూ, మీ గురించి నిజం చెప్పగలిగే పెద్దమనిషినే అడగండి. మైక్రోస్కోపు బీరువా తాళంచెవి కూడా ఆ ఉత్తరం పంపిన రోజే వరదరాజులు గారు మొలతాడు నుంచి విప్పి నా చేతిలో పెట్టారు.

చెరువులో గుంత

మాది కోయిలకుంట్ల దగ్గర పల్లె. పక్క ఊరి చెరువు ఎండాకాలంలో నెర్రెలు విచ్చేది, నడిమధ్య మాత్రం ఒక అడుగు తవ్వితే తడి తగిలేది. వైశాఖంలో ఇద్దరు కూలీలతో అక్కడికి పోయాను. ఆ చెరువు నీరుగంటి ఏసన్న. తూము ఎత్తేది, దించేది, ఏ మడికి ఎంత నీళ్లో పంచేది, కట్టను కాసేది ఆయనే. తాతల నాటి నుంచి వాళ్ల ఇంటి పని అది. యాభై దాటిన మనిషి, ఆదివారం చర్చికి పోయేటప్పుడు తప్ప చొక్కా వేసేవాడు కాదు.

మేం గుంత తవ్వుతుంటే వచ్చి గట్టున కూచున్నాడు.

"అయివారూ, ఈడ తవ్వితే మీకేం దొరుకుతాది?" అన్నాడు. మా దిక్కు చదువు చెప్పేవాళ్లను అయివారు అంటారు.

"పాత మన్ను కావాలి ఏసన్నా. అడుగున ఉండేది."

"పాత మన్ను ఈడ యాడుండాది? ఇదంతా మొన్న మొన్న..."

"నాకు తెలుసులే. పుస్తకంలో నడిమధ్యే తియ్యమని ఉంది," అని నేను అడ్డం పడ్డాను.

ఆయన తలగుడ్డ దులుపుకుని తూము దగ్గరకు పోయాడు. నేను గుంత గోడను కత్తితో నున్నగా చెక్కి, రెండేసి అంగుళాలకు ఒక ముద్ద చొప్పున తీసి, పాలపొడి డబ్బాల్లో పెట్టి, మైనంతో మూతలు అంటించాను. నోటుపుస్తకంలో లోతు, రంగు, తడి, వాసన అన్నీ రాసుకున్నాను. ఏసన్న మాట మాత్రం రాయలేదు.

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. మా వైపు చెరువు ఎండగానే రైతులు బండ్లు కట్టుకుని పోయి అడుగు మన్ను తవ్వి చేలకు తోలుకుంటారు. చౌడు చేలకు, ఎర్ర చేలకు ఆ మన్నే బలం. మరుసటి వానలకు ఆ గుంతల్లో కొత్త బురద చేరుతుంది. మా నాయన తోలాడు, ఆయన నాయన తోలాడు. చెరువు మన్ను బండి మీద కూచుని నేనే ఎన్నోసార్లు ఇంటికొచ్చాను. బయటి ఊరివాడైతే అడిగి తెలుసుకుని రాసుకునేవాడు. నాకు అది చెప్పుకోదగ్గ సంగతిగానే తోచలేదు. పొద్దున లేచి ముఖం కడుక్కున్నానని ఎవరైనా నోటుపుస్తకంలో రాసుకుంటారా?

కాఫీ బల్ల

స్వీడన్ చలి గురించి, పెరుగన్నం దొరకని బాధ గురించి నా కంటే ముందు పోయినవాళ్లు చాలానే చెప్పి ఉంటారు. నేను ఆ ప్రయోగశాల గురించి చెబుతాను. దాన్ని తలుచుకుంటే నాకిప్పటికీ గౌరవంతో మనసు నిండిపోతుంది.

రోజుకు రెండుసార్లు గంట కొట్టినట్టు అందరూ పని ఆపి ఒకే బల్ల చుట్టూ కాఫీకి కూచునేవారు. ప్రొఫెసరు, మాలాంటి వాళ్లు, గాజుసామాను కడిగే ఆస్ట్రిడ్ అనే ముసలమ్మ, అందరూ. పిలుపుల్లో మాత్రం మర్యాదలు మనకంటే ఎక్కువ, పేరు పెట్టి పిలవడం లేదు. కానీ ఆ బల్ల దగ్గర ఎవరి పని గురించైనా ఎవరైనా అడగవచ్చు. ఒకరోజు ఆస్ట్రిడ్, "మీ గొట్టాల్లో ఇసుక మిగిలిపోతోంది డాక్టర్, మొదటి కడుగు తొందరగా పారబోస్తున్నారు" అంది. ప్రొఫెసరు నా ముఖంలోకి చూశాడు. ఆమె చెప్పింది నిజమే. మా కాలేజీలో అటెండరు ఎవరైనా లెక్చరరుకు ఆ మాట చెప్పగలడా అని ఆ పూటంతా ఆలోచించాను.

ఆరు నెలల్లో నా డబ్బాలన్నీ లెక్కపెట్టాను. గింజలు తక్కువే దొరికాయి, కానీ దొరికినవి చెప్పిన కథ అద్భుతంగా ఉంది. అడుగు పొరల్లో అంతా అడవి చెట్లు. రెండున్నర అడుగుల దగ్గర కత్తితో కోసినట్టు అడవి మాయం. దానిపైన జొన్న, కలుపు మొక్కలు, బీడు గడ్డి. మధ్యలో మెల్లమెల్లగా మారడం అన్నది లేనే లేదు.

"ఇంత పదునైన గీత నేను అగ్ని వల్ల చూశాను. మీ దగ్గర అడవి తగలబడిందా?" అన్నాడు ప్రొఫెసరు.

"కరువు వచ్చి ఉంటుంది. మాది కరువు సీమ," అన్నాను.

మా తాతలు చెప్పే ధాత నామ సంవత్సరపు పెద్ద కరువు నా తలలో తిరుగుతోంది. ఒక్క కరువుతో అడవి అంతా పోయిందని వ్యాసం రాశాను. నా మనసులోని దుఃఖం కూడా అందులో కలిసింది కాబట్టి బాగా వచ్చింది. ప్రొఫెసరు దాన్ని పత్రికకు పంపాడు. దాన్ని చూపించే నాకు రెండో ఏడాది ఇమ్మని విశ్వవిద్యాలయానికి సిఫారసు రాశాడు. కాలేజీలో జీతం లేని సెలవు మీద వచ్చినవాణ్ణి. ఆ రెండో ఏడాది దక్కితే నా బతుకంతా ఈ విద్యలోనే గడుస్తుంది. దక్కకపోతే పోయి పాఠాలు చెప్పుకోవాల్సిందే.

కోసేసిన మడుగు

మంచు కరిగాక ప్రొఫెసరు మమ్మల్నందరినీ ఒక చిత్తడి నేలకు తీసుకెళ్లాడు. నల్లటి మెత్తటి నేల, అడుగు వేస్తే కిందికి దిగుతుంది. ఒక పక్క మెట్లు మెట్లుగా కోసినట్టు గోతులున్నాయి. ఆ ఊరివాళ్లు ఆ నల్లమట్టిని ఇటుకల్లా కోసి ఎండబెట్టి పొయ్యిలో కాల్చుకునేవారట.

"ఇక్కడ మాత్రం ఎన్నడూ మన్ను తీసే గొట్టం దింపకండి. ఇక్కడి చరిత్ర పొయ్యిలోకి పోయింది. పైన పెరిగింది కొత్తది, కింద మిగిలింది పాతది, రెంటికీ మధ్య ఉండాల్సిన వేల ఏళ్లు లేవు," అన్నాడు ప్రొఫెసరు.

ఏసన్న మాట గుర్తొచ్చింది. మా చరిత్ర చేలలోకి పోయింది. నేను కరువని రాసిన గీత మా దిక్కు రైతుల పారల గీత.

ఆ రోజే చెప్పి ఉంటే నన్ను నేను ఇంత తిట్టుకునేవాణ్ణి కాదు. పది రోజులు చెప్పలేదు. ఎవరికి తెలుస్తుంది అనుకున్నాను. ఆ చెరువు దాకా వచ్చి చూసేదెవరు? ఏసన్న వచ్చి ఇంగ్లీషు పత్రిక చదువుతాడా? కాఫీ బల్ల దగ్గర తల ఎత్తలేకపోయాను. ఆస్ట్రిడ్, ఒంట్లో బాగాలేదా డాక్టర్ అని అడిగింది. పదకొండో రోజు పొద్దున్నే ప్రొఫెసరు గదికి పోయి నిలబడే అంతా చెప్పాను.

"మన్ను తవ్వుతారని మీకు ముందే తెలుసా?" అని అడిగాడు.

"తెలుసు. నేను ఆ మన్ను బండ్ల మీదే పెరిగాను."

"ఎవరైనా హెచ్చరించారా?"

"చెరువు కాసే మనిషి. నేను మధ్యలో ఆపేశాను."

"ఆయన పేరేమిటి?"

చెప్పాను. పలకడం రాక రెండుసార్లు చెప్పించుకుని రాసుకున్నాడు. తర్వాత నా ఎదుటే రెండు ఉత్తరాలు రాశాడు. ఒకటి వ్యాసం వెనక్కి పంపమని పత్రికకు. ఆ తవ్వకం గురించి అడగకపోవడం పరిశోధకుడిది కాదు, తన తప్పని అందులో రాశాడు. నేను అడ్డం చెప్పబోతే, ప్రతి చెరువునూ మనుషులు వాడుకుంటారని తనకు తట్టాల్సిందని అన్నాడు. రెండోది నా పొడిగింపు సిఫారసును వాపసు తీసుకుంటున్నట్టు. ఆ ఉత్తరం మీద సంతకం పెట్టేటప్పుడు ఆయన ముఖం చూడలేక కిటికీ వైపు చూశాను.

"ఊరికి పోండి," అన్నాడు. "ఎవరూ తవ్వని చోటు ఆయనకు తెలిసే ఉంటుంది. ఈసారి ఆయన చెప్పేది మొత్తం వినండి. ఆ మన్ను నాకు పంపండి. బాగుంటే మళ్లీ రాస్తాను."

కోపంగా ఒక్క మాట అనలేదు. అట్లాగని తప్పును కప్పిపెట్టనూ లేదు. నా సర్వీసులో చాలామంది పెద్దవాళ్ల దగ్గర పనిచేశాను. ఈ రెండూ ఒకే మనిషిలో చూడటం అదొక్కసారే.

కట్ట కింద

మరుసటి ఎండాకాలం ఏసన్న దగ్గరకు పోయాను. జరిగిందంతా చెప్పాను. ఆయన నవ్వలేదు, నేను చెప్పలేదా అనీ అనలేదు.

"తవ్వని చోటు ఉండాది," అన్నాడు. "కట్ట మొదలు కాడ్నించి నలభై అడుగుల్లోపల ఎవర్నీ పార ఎయ్యనీను. మా నాయనా ఎయ్యనీలే, మా తాతా ఎయ్యనీలే. ఆడ తవ్వితే కట్ట బలం పోతాది. రెడ్లు కొట్టనీకి వచ్చినా మా నాయన ఒప్పుకోలే."

అప్పుడు నాకు అర్థమైంది, నేనాయన్ను ఏం అడగడానికి వచ్చానో. మూడు తరాలుగా కాపాడిన చోట తూటు పెట్టనిమ్మని అడగడానికి వచ్చాను. కట్ట కారితే కింద ఉన్న మడులన్నీ పోతాయి, నీరుగంటి పరువూ పోతుంది.

"ఎంత గుంత గావల్ల?" అని ఆయనే అడిగాడు.

"గుంత వద్దు. ఇనుప గొట్టం దింపుతాను. నా పిడికిలంత లావు."

"ఎంత లోతు?"

"ఏడడుగులు."

కట్ట మీద ఆ కొస నుంచి ఈ కొస దాకా నడిచాడు. మళ్లీ వచ్చాడు. "ఒక్కటే. నేను జూపిచ్చిన చోట. నేను పూడుస్తా, మీరు చెయ్యి పెట్టొద్దు," అన్నాడు.

కోయిలకుంట్ల కమ్మరి చేసిన గొట్టాన్ని సమ్మెటతో దింపాం. బయటికి లాగాక ఏసన్న బంకమన్ను ఉండలు చేసి ఆ తూటులోకి వేస్తూ, వెదురు కర్రతో పొద్దు వాలేదాకా దిమ్మిస్తూనే ఉన్నాడు. నేను పక్కన కూచుని ఆయన చెప్పిందంతా రాసుకున్నాను. ఏ ఏడు తెగింది, ఏ ఏడు నిండలేదు, ఎవరు ఏ మూల ఎంత తవ్వారు, పన్నెండు పేజీలు వచ్చాయి.

మన్ను ఓడలో పోయింది. చాన్నాళ్లకు ప్రొఫెసరు జవాబు వచ్చింది. పొరలు చెదరలేదు, వచ్చి మీరే లెక్కపెట్టండి, ఏడాదికి ఫెలోషిప్ మంజూరైంది అని. ఆ ఏడు చెరువు నిండే వానలు రాకముందే ఓడెక్కాను.

ఈసారి కథలో అద్భుతమేమీ లేదు. అడవి ఒక్కసారిగా పోలేదు. మెల్లగా, కొంచెం కొంచెం, జొన్న చేలు పెరిగే కొద్దీ తగ్గుతూ వచ్చింది. కరువును తిట్టి ఊరుకునే వీల్లేకపోయింది, అడవిని కొట్టుకున్నది మా ముత్తాతలే. పేలవమైన వ్యాసం, కానీ ఇప్పటిదాకా ఎవరూ తప్పుపట్టలేదు. దాని మొదటి పేజీలో, మన్ను తీసిన చోటు నిర్ణయించింది ఈయన అని ఏసన్న పేరు అచ్చయింది. ఆ వాక్యం ప్రొఫెసరే రాశాడు.

తిరిగి వచ్చాక ఆ పత్రిక పట్టుకుని ఊరికి పోయాను. ముందు ఏసన్న ఇల్లాలు కనిపించింది. ఆమె చెబితే తెలిసింది. నేను స్వీడన్‌లో వెచ్చటి గదిలో లెక్కలు పెడుతున్న ఆ వానాకాలం చెరువు నిండి, మిగులు నీళ్లు పోయే అలుగు పారిందట. నీళ్లు దిగేదాకా రెండు నెలలు ఏసన్న రోజూ పొద్దున్నే పోయి, గొట్టం దింపిన చోటికి సరిగ్గా ఎదురుగా కట్ట వెనక కూచునేవాడట. తడి ఊరుతుందేమో అని చేత్తో తడుముతూ ఉండేవాడట. జ్వరం వచ్చినా పోయాడట. నాకు ఒక్క ఉత్తరం ముక్క రాయించలేదు.

ఏసన్న మడి నుంచి వచ్చాక పత్రిక చూపించాను. తన పేరు ఉన్న చోట వేలు పెట్టించాను. ఆ అక్షరాల మీద వేలు కాసేపు అట్లాగే ఉంచాడు.

"ఇంకేం రాసినారు దీంట్లో?"

చెట్ల సంగతి, జొన్న సంగతి చదివి వినిపించాను. చివరిదాకా విన్నాడు.

"కట్ట నిలిచిందని రాసినారా?"

"లేదు ఏసన్నా."

"అది గదా రాయల్సింది," అన్నాడు.

ఆ పత్రికలో దానికి చోటు లేదు. తర్వాత నేను రాసిన వాటిలోనూ ఎక్కడా కుదరలేదు. ఏసన్న పోయి చాలా ఏళ్లయింది. ఇక్కడ రాస్తున్నాను. ఆ ఏడు అలుగు పారేంత వాన కురిసింది, ఏసన్న చెరువు కట్ట నిలిచింది.